నాలుగు ఆదివారాలు, 2,400 రూపాయలు, ఒక చిలక

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా: ఫాంటసీ కథల మూలాలు చెప్పే ఈ ఆదివారం క్లాసుకి ఐదుకి మూడున్నర. మొదటి రెండు వారాలకైతే ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని, మూడో వారం మాత్రం నా ఆదివారం నాకు తిరిగిచ్చేయాలి. వాళ్ల పేరు రాయడం లేదు. నడిపేది ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు, ఇదే మొదటి బ్యాచ్, పైగా డబ్బులు వెనక్కిచ్చే గొడవ ఒకటి నాకూ వాళ్లకూ మధ్య ఇంకా తేలలేదు.

హిమాయత్‌నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ మీద రెండో అంతస్తు. ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా, నాలుగు వారాలు, మొత్తం 2,400. మల్కాజ్‌గిరి నుంచి రావాలి కాబట్టి ఆదివారం నిద్ర పోయినట్టే, అయినా చేరాను, ఎందుకంటే ఈ ఊళ్లో కోడింగ్‌కీ కరాటేకీ గ్రూప్స్‌కీ క్లాసులుంటాయి గానీ మనం చదివిన ఫాంటసీ కథలు ఏ పాత కథల్లోంచి పుట్టాయి, వాటి అడుగున ఏముంది అని మూడు గంటలు కూర్చోబెట్టి చెప్పేవాళ్లు నాకు ఇంతవరకూ దొరకలేదు. ఇరవై మందిమి ఉన్నాం. ఎక్కువమంది ఇంజినీరింగ్ పిల్లలు, రైల్వేలో రిటైరైన అంకుల్ ఒకాయన, తొమ్మిదో తరగతి కొడుకుని తీసుకొచ్చిన ఒకావిడ. ఆ తొమ్మిదో తరగతి వాడికి మా అందరికన్నా ఎక్కువ తెలుసు, ఆ సంగతి వాడికీ తెలుసు, అదే ఇబ్బంది. చెప్పే మేడమ్ ఇంగ్లిష్ లెక్చరర్‌గా రిటైరయ్యారట. సగం తెలుగు, సగం ఇంగ్లిష్, మధ్యమధ్యలో "సమజైందా?"

మొదటి రోజు వస్తూనే మేడమ్ అటెండెన్స్ తీసుకున్నారు, కాకపోతే మా పేర్లు కాదు. "డ్వాలిన్... బిఫుర్... బోఫుర్... బోంబుర్... నోరి... థోరిన్... ఫిలి... కిలి..." కుర్రాడు ప్రతి పేరుకీ "ప్రెజెంట్ మేడమ్" అంటూనే ఉన్నాడు. అయిపోయాక "ఈ లిస్టు ఎక్కడిది నాయనా?" అనడిగారు. "హాబిట్‌లోది, మరుగుజ్జుల పేర్లు, పదమూడు మంది" అన్నాడు వాడు ఠక్కున. కాదన్నారు ఆవిడ. 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ రాతప్రతిలో దొరికే వోలుస్పా అనే పాత నార్స్ (అప్పటి స్కాండినేవియా భాష) కవితలో మరుగుజ్జుల పేర్ల చిట్టా ఒకటుంది, ఆవిడ చదివింది దాన్ని. ఇంగ్లిష్ రచయిత టోల్కీన్ 1937లో తన ఫాంటసీ నవల హాబిట్ వేసేటప్పుడు తన మరుగుజ్జులకి దాదాపు అన్ని పేర్లూ అక్కడినుంచే ఎత్తుకొచ్చాడు. గాండాల్ఫ్ పేరు కూడా ఆ చిట్టాలోదే! ముందు చిత్తుప్రతిలో ఆ పేరు మరుగుజ్జుల నాయకుడిదట, తర్వాత మాంత్రికుడికి ఇచ్చాడట. కుర్రాడు ఒక ఐదు నిమిషాలు మాట్లాడలేదు. ఫీజులో సగం నాకు అక్కడే గిట్టుబాటైంది.

ఇంకో సంగతి ఇంకా బాగుంది. బియోవుల్ఫ్ అనే పాత ఇంగ్లిష్ కావ్యం ఉంది, దానికి లోకంలో ఉన్నది ఒకటే రాతప్రతి, 1731లో అగ్నిప్రమాదంలో దాని అంచులు కాలాయి. (మన గుణాఢ్యుడు బృహత్కథను పేజీ తర్వాత పేజీ మంటల్లో వేశాడనే కథ గుర్తొచ్చింది నాకు. మంచి కథలకి నిప్పుతో ఏదో లెక్క ఉన్నట్టుంది.) ఆ కావ్యం చివర ఎవడో ఒకడు డ్రాగన్ నిద్రపోతుండగా దాని గుహలోంచి గిన్నె ఒకటి దొంగిలిస్తాడు, డ్రాగన్ లేస్తుంది, ఊళ్లు తగలబెడుతుంది. హాబిట్‌లో బిల్బో చేసేది అచ్చంగా ఇదే. అయితే ఆ పాత కావ్యంలో దొంగకి పేరు లేదు. ఎవడో పారిపోయినవాడు, బానిస కావచ్చు, కాకపోవచ్చు, ఎందుకంటే రాతప్రతిలో సరిగ్గా అక్కడే అక్షరాలు చెరిగిపోయాయి. అందులో వీరుడు రాజు. టోల్కీన్ వచ్చి ఆ పేరులేని దొంగని పట్టుకుని, వాడికి ఒక ఇల్లు, టీ కెటిల్, చేతిరుమాలు మర్చిపోయానన్న బెంగ ఇచ్చి, వాణ్నే హీరోని చేశాడు. మేడమ్ ఈ మాట చాలా మామూలుగా చెప్పి నీళ్లు తాగారు. నేను నోట్సులో రెండు గీతలు గీసుకున్నాను.

అంతా చెప్పాక ఆవిడే ఒక మెలిక పెట్టారు. ఇలా మూలాలు వెతకడం టోల్కీన్‌కి అంతగా నచ్చేది కాదట. అద్భుత కథల మీద 1939లో ఇచ్చిన ఉపన్యాసంలో, ముందు పెట్టిన సూప్ తాగండి, అది ఏ ఎద్దు ఎముకలు ఉడికిస్తే వచ్చిందో చూడాలనుకోకండి అనే పాత పోలికను తెచ్చి తనదైన పద్ధతిలో వాడుకున్నాడు. రైల్వే అంకుల్‌కి ఇది ససేమిరా నచ్చలేదు. "అట్లెట్ల మేడమ్? పాయాల బొక్క సూడొద్దంటే ఎట్ల? బొక్క కోసమే గదా పొద్దుగాల్ల ఐదింటికి లేసి పాతబస్తీకి పోయేది!" క్లాసంతా నవ్వులు. నేనూ అంకుల్ పార్టీయే.

రెండో వారం హ్యారీ పోటర్. ఆరోజు ఏసీ పనిచేయలేదు, నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది, కిందనుంచి నెయ్యి దోశ వాసన వస్తూనే ఉంది, ఇచ్చిన జిరాక్సుల్లో కుడివైపు అంచు కట్టయిపోయి ప్రతి లైనూ చివరి మాట లేకుండా ఉంది. అయినా నాకు నాలుగింట్లోనూ బాగా నచ్చింది ఈ వారమే.

ఏడో పుస్తకంలో ముగ్గురు అన్నదమ్ములకి మృత్యువు ఎదురయ్యే చిన్న కథ ఉంది కదా, దానికి స్ఫూర్తి ఛాసర్ అని ఆ పుస్తకాలు రాసిన రౌలింగే చెప్పింది. 14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి. ఆయన కథలో ముగ్గురు తాగుబోతులు మృత్యువుని చంపుతామని బయల్దేరతారు, చెట్టు కింద బంగారం దొరుకుతుంది, ఒకడు తిండికోసం ఊళ్లోకి వెళ్తాడు, వాడు వచ్చేసరికి చంపుదామని మిగతా ఇద్దరూ, వాళ్లని చంపుదామని విషం కలిపి వాడూ. ముగ్గురూ పోతారు. ఇక్కడిదాకా ఇంగ్లిష్ ఎంఏ వాళ్లకి తెలిసిందే కావచ్చు. మేడమ్ అక్కడ ఆగలేదు. ఛాసర్ కంటే ఎన్నో వందల ఏళ్ల ముందు ఇదే కథ మన బౌద్ధ జాతక కథల్లో ఉంది, వేదబ్భ జాతకం, వరసలో 48వది. ఒక బ్రాహ్మడికి ఆకాశంలోంచి రత్నాల వాన కురిపించే మంత్రం వచ్చు, దొంగలు పట్టుకుంటారు, వాన కురిపిస్తాడు, ఇంకో దొంగల గుంపు వస్తుంది, కొట్టుకుచచ్చి చివరికి ఇద్దరు మిగుల్తారు. ఒకడు కత్తి పట్టుకుని సొమ్ముకి కాపలా, ఇంకోడు అన్నం తేవడానికి వెళ్లి అందులో విషం కలుపుతాడు. మిగతాది మీకు తెలుసు. అంటే మన దగ్గర పుట్టో, మన మీదుగానో, ఎన్నో నోళ్లు దాటి లండన్ చేరి, పోటర్ పుస్తకంలో పడి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదకి వచ్చిందన్నమాట. ఇక్కడ కూడా చూడండి, పాత కథలు రెండింట్లోనూ అందరూ దురాశకి చస్తారు, రౌలింగ్ కథలో మాత్రం మూడోవాడు బతికినన్నాళ్లు బతికి, చివర్లో మృత్యువుని పాత స్నేహితుడిలా పలకరించి వెంట వెళ్లిపోతాడు. ఆ మూడోవాణ్ని ఆవిడ కలిపింది.

ఇప్పుడు చిలక దగ్గరికొస్తాను.

పోటర్ కథల్లో విలన్ వోల్డ్‌మార్ట్ తన ఆత్మని ముక్కలు చేసి వస్తువుల్లో దాచుకుంటాడు, అవన్నీ నాశనం చేస్తే తప్ప చావడు. దీనికి పోలిక అని మేడమ్ రష్యన్ జానపద కథల్లోని కొష్చేయ్ గురించి చెప్పారు. వాడి చావు సూదిలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేల్లో, కుందేలు పెట్టెలో, పెట్టె ఎక్కడో దీవిలో చెట్టు కింద. బోర్డు మీద బొమ్మ కూడా వేశారు. నేను ఆగలేక "మేడమ్, ఇది మాయల ఫకీరు కదా?" అనేశాను. వెనకనుంచి అంకుల్ "బాలనాగమ్మ!" అని అరిచారు. ఒక్క నిమిషం క్లాసు క్లాసంతా సంత. ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో చిలక, చిలకలో ఫకీరు ప్రాణం. ఇంజినీరింగ్ పిల్లల్లో సగంమందికి తెలియదు! మేడమ్‌ని ఇక్కడే మెచ్చుకోవాలి. నాకూ తెలుసులే అన్నట్టు తల ఊపకుండా, "నేను ఈ కోణంలో చూడలేదమ్మా, వచ్చే వారం వివరంగా తీసుకురా" అన్నారు.

ఇంటికెళ్లి అమ్మని అడిగాను, చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో బుర్రకథ విందట. నేను సూదీ గుడ్డూ బాతూ అని చెప్పుకుపోతుంటే మధ్యలోనే ఆపింది. "గంత దూరం ఎందుకు పోయినవే? చిలక మెడ ఇరిస్తె ఫకీరు మెడ ఇరుగుతది, గదే గదా కథ. దానికి రెండువేల నాలుగొందలు గట్టినవా?" ఏం చెప్పాలి ఇక.

తర్వాత రాత్రిళ్లు కూర్చుని నేను వెతికింది ఇది. 1868లో లండన్‌లో 'ఓల్డ్ డెక్కన్ డేస్' అని ఒక పుస్తకం వచ్చింది. బొంబాయి గవర్నర్ బార్టిల్ ఫ్రేర్ కూతురు మేరీ ఫ్రేర్ తన ఆయా అన్నా లిబెరాటా డిసౌజా నోట విన్న కథలు అవి, తండ్రితో పాటు దక్కన్‌లో తిరుగుతున్నప్పుడు విన్నవి. అందులో మొదటి కథే మాంత్రికుడిది, వాడి పేరు పంచ్‌కిన్, ప్రాణం పచ్చ చిలకలో. వాడు ఎత్తుకుపోయిన రాజుగారి చిన్నకూతురి పేరేమిటో తెలుసా? బాల్నా! ఆ పేరు చూడగానే నేను లేచి అమ్మని నిద్రలేపాను, తిట్లు తిన్నాను. చివరికి ఆ తల్లిని విడిపించేది ఆమె కొడుకే, చిలకని పట్టి కాలూ రెక్కా ఒక్కొక్కటే విరుస్తుంటే మాంత్రికుడివి ఒక్కొక్కటే రాలిపోతాయి. మన కథలో బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు చేసే పనే. పురాణాలూ ఆచారాల మీద పరిశోధించిన జేమ్స్ ఫ్రేజర్ తన 'గోల్డెన్ బౌ'లో ప్రాణం ఒంటికి బయట ఉండే కథలన్నీ పోగేసినప్పుడు ఈ పంచ్‌కిన్‌ని కూడా చేర్చాడు. ఇదే వరసలో ఈజిప్టు కథ ఒకటుంది, మూడువేల ఏళ్ల పైనాటి పపైరస్ మీదిది, అందులో తమ్ముడు గుండెని చెట్టు పువ్వు మీద పెట్టుకుంటాడు. ఎముకలు చూడొద్దన్న టోల్కీన్ మహానుభావుడు అదే ఉపన్యాసంలో ఈ ఈజిప్టు కథ గురించి కూడా మాట్లాడాడు!

రౌలింగ్ మన బాలనాగమ్మని కాపీ కొట్టిందని ఎవరైనా వాట్సాప్‌లో తిప్పితే నన్ను ఇందులోకి లాగకండి, నేనలా అనడం లేదు. ఆ చిలక అందరి చెట్టు మీదా వాలింది. నాకు పట్టుకున్నది తేడా. ఫకీరుకి ప్రాణం దాచుకోవడం అంటే బంగారం లాకర్లో పెట్టుకున్నట్టు, జాగ్రత్త, అంతే. వోల్డ్‌మార్ట్ ఒక్కో ముక్క చెయ్యాలంటే ఒక్కో హత్య చెయ్యాలి, దాచుకున్నకొద్దీ వాడిలో మనిషి తరిగిపోతుంటాడు. లోతైన అర్థం లోతైన అర్థం అంటారే, అది నాకు ఇక్కడ కనిపించింది. ఎముక అందరిదీ ఒకటే, ఈ వంటమనిషి అందులో కొత్తగా ఏం వేసిందో చూస్తే కథ దేని గురించో తెలుస్తుంది. బిల్బో కూడా అంతే, పేరులేని దొంగకి పేరు పెట్టడంలో ఉంది ఆ పుస్తకం మొత్తం.

ఇదంతా మూడో వారం చెబుదామని రెండు పేజీలు రాసుకుని ఉత్సాహంగా వెళ్లాను. మేడమ్ లేరు. ఎవరో గెస్ట్ సార్, ల్యాప్‌టాప్, స్లైడ్లు. 'దాగిన అర్థాలు' అట. టోల్కీన్ లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో ఉంగరం అంటే అణుబాంబు. సి.ఎస్. లూయిస్ పిల్లల ఫాంటసీ నార్నియా ఏడు పుస్తకాలంటే ఏడు గ్రహాలు. గోడ అంటే ఇది, మంచు అంటే అది, తోడేలు అంటే ఇంకోటి. మూడు గంటలు ప్రతి స్లైడూ ఇదే వరస, ఏది చూపించినా అది అది కాదు, వేరేది. తొమ్మిదో తరగతి కుర్రాడు చెయ్యెత్తి "సార్, లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాయడం 1937 డిసెంబర్‌లోనే మొదలుపెట్టారు కదా, బాంబు వేసింది 1945లో" అన్నాడు. సార్ నవ్వి, రచయితకి తెలియకుండానే అర్థాలు వచ్చేస్తాయి అన్నారు. ఇదెలాంటి జవాబంటే, దీన్ని దేనికైనా చెప్పొచ్చు. టోల్కీన్ రెండో ముద్రణ ముందుమాటలో ఈ విషయమే రాశాడు, ఇది యుద్ధానికి మారుపేరు కథ కాదు, అదే అయితే ఆ ఉంగరాన్ని లాక్కుని విలన్ సౌరాన్ మీదే వాడి ఉండేవాళ్లు అని. సార్ ఆ ముందుమాట చదివినట్టు లేదు.

నార్నియా గ్రహాల సంగతి మాత్రం పూర్తిగా గాలివాటం కాదని ఇంటికొచ్చి చూసుకున్నాను. మైకెల్ వార్డ్ అనే ఆయన 2008లో దీనిమీదే పుస్తకం వేశాడు. సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, ఒక్కో పుస్తకానికి ఒక్కో గ్రహం. మన నవగ్రహాల్లో రాహుకేతువుల్ని తీసేస్తే మిగిలేవి అవే. లూయిస్ మధ్యయుగాల సాహిత్యం బోధించినవాడు కాబట్టి అంత ఆలోచన పెట్టుకునే ఉండొచ్చు. కానీ సార్ దీన్ని ఒక అభిప్రాయంగా కాకుండా ఆధార్ కార్డు చూపించినట్టు చెప్పారు, నాకు మండింది అక్కడ.

యుద్ధమంటే గుర్తొచ్చింది. చెప్పాలనుకుంటే చెప్పడానికి నిజమైనదే ఉంది కదా! 1916లో, మొదటి ప్రపంచయుద్ధపు సోమ్ పోరులో టోల్కీన్ స్వయంగా ఉన్నాడు. లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో హీరో ఫ్రోడో వాళ్లు దాటే చచ్చినవాళ్ల చిత్తడి నేల, నీళ్లలోంచి పైకి చూసే మొహాలు, వాటికి సోమ్ తర్వాతి ఉత్తర ఫ్రాన్స్‌తో కొంత సంబంధం ఉందని తనే ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పి ఆ పేజీ పైకి చదివించి ఉంటే క్లాసులో ఎవరూ ఫోను చూసేవాళ్లు కాదు. మేమంతా చూశాం. అంకుల్ అయితే కునుకే తీశారు.

ఆరోజే అమెరికన్ ఫాంటసీ రచయిత్రి ఉర్సులా లెగ్విన్‌కి పావుగంట, గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కి పది నిమిషాలు. రెండోదానికి పది నిమిషాలు నాకు చాలు, దాని రచయిత మార్టిన్ 1455 నుంచి 1485 దాకా రాజకుటుంబాల మధ్య జరిగిన ఇంగ్లండ్ గులాబీ యుద్ధాల్నీ, అక్కడ రోమన్లు కట్టిన హాడ్రియన్ గోడనీ ఎలా వాడుకున్నాడో ఎక్కడైనా దొరుకుతుంది. లెగ్విన్‌కి మాత్రం అన్యాయం జరిగింది. 1968 నాటి ఎర్త్‌సీ మొదటి పుస్తకంలో ప్రతివాడికీ ఒక అసలు పేరుంటుంది, అది బయటికి చెప్పరు, ఎవరికైనా తెలిస్తే నీ పట్టు వాళ్ల చేతిలో. బారసాలలో బిడ్డ చెవిలో పేరు చెప్పే ఇళ్లలో పుట్టినవాళ్లం, నక్షత్రం పేరు ఒకటి, బళ్లో పేరు ఇంకోటి ఉన్నవాళ్లం, మనకి ఇది ఎంత దగ్గరగా ఉంటుంది! ఆవిడ తావో తత్వం ప్రభావం గురించి ఎప్పుడూ దాచలేదు, తర్వాత ఆ తత్వానికి మూలగ్రంథమైన దావో దె జింగ్‌ని తన ఇంగ్లిష్‌లో తెచ్చింది కూడా. అందుకే కథ చివర హీరో నీడని చంపడు. ఏం చేస్తాడో చెప్పను, చదవండి.

నాలుగో వారం మేడమ్ మళ్లీ వచ్చారు, క్లాసు గదిలో కాదు, ఆబిడ్స్‌లో. ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాలు తిప్పి చూపిస్తామన్నారు. ఆలోచన బంగారం, అమలు అంతంతమాత్రం. సన్నగా చినుకులు, అమ్మేవాళ్లు సగం కుప్పల మీద ప్లాస్టిక్ కప్పేశారు, ఇరవై మంది ఒకేచోట వంగితే వెనక నడిచేవాళ్లు తిట్టారు. అయినా ఎర్త్‌సీ 120కి దొరికింది, ముందు 200 అన్నాడు. అట్ట మీద తెల్లగా మెరిసిపోయే కుర్రాడి బొమ్మ. మేడమ్ చూసి, "లోపల చదువు, వాడి ఒళ్లు ఎర్రమట్టి రంగని ఉంటుంది" అన్నారు. 2004లో టీవీ వాళ్లు కూడా తెల్లవాణ్నే పెడితే లెగ్విన్ బహిరంగంగానే కోప్పడిందట.

తర్వాత ఇరానీ చాయ్ దగ్గర నా రెండు పేజీలు ఎట్టకేలకు చదివాను. మేడమ్ బాల్నా పేరు దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు, ఫోటో తీసుకున్నారు. అంకుల్ చందమామ మీదికి వెళ్లిపోయారు, దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' సీరియల్ 1954లోనే వచ్చింది, టోల్కీన్ ఉంగరం మొదటి భాగం వచ్చింది కూడా ఆ ఏడే, అక్కడ ఆయన పేరు ప్రపంచమంతా తెలిసింది, ఇక్కడ ఈయన పేరు సీరియల్ మీద వేయనే లేదు అని. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో మెత్తబడి పడిపోయేదాకా చెప్పారు. నాకు తెలిసి కోర్సు మొత్తంలో అసలు క్లాసు ఆ టేబుల్ దగ్గర జరిగింది, దానికి ఫీజు లేదు, చాయ్ డబ్బులు అంకులే ఇచ్చారు.

చేరాలనుకునేవాళ్లకి ఇంకొన్ని: పుస్తకాలు ముందే చదివి ఉండకపోతే కథల ముగింపులన్నీ తెలిసిపోతాయి, నిర్వాహకులు ఆ మాట ముందుగా చెప్పరు. మెట్లు చాలా ఇరుకు, లిఫ్ట్ లేదు, పెద్దవాళ్లు చూసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు ఎక్కువ. జిరాక్సుల గురించి అడిగితే పీడీఎఫ్ పంపిస్తామన్నారు, నాలుగు వారాలైంది. మూడో వారం మేడమ్ రారని ముందే తెలిసీ చెప్పలేదు కాబట్టి ఆ వారం డబ్బు 600 తిరిగివ్వమని అడిగాను, "చూస్తాం అక్కా" అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు.

రెండో బ్యాచ్‌కి ఫీజు 2,800 చేశారట, మొదటి వారంలో బాలనాగమ్మ కూడా చేర్చారట, పోస్టర్ మీద చిలక బొమ్మ ఉంది. అమ్మకి చూపించాను. "రంగు తప్పు ఏసిన్రు, చిలక గింత నీలంగ ఉంటదా?" అంది. మూడో వారం ఎగ్గొడితే ఫీజు తగ్గిస్తారా అని వాళ్లకి మెసేజ్ పెట్టాను. బ్లూ టిక్కులు వచ్చాయి.